చివరి పేరా

(మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాస్టారి పేరు మీద జరిగే ఈ ప్రసంగానికి ఈసారి నన్ను పిలిచారు. సరేనని ఫోను పెట్టేశాక గుండెల్లో రాయి పడింది. ముందు వరసల్లో కూర్చున్న చాలామందికి మాస్టారు నాకన్నా బాగా తెలుసు. ఆయన దగ్గర సరళీ స్వరాలు మొదలుపెట్టినవాళ్లున్నారు. ఆయన కలం దెబ్బ తిని నెల్లాళ్లు పలకరింపు మానేసి, ఆనక మళ్లీ ఆయన ఇంటికే వెళ్లి కాఫీ తాగిన విద్వాంసులున్నారు. నాకు సంగీతం రాదు. తాళం వేస్తే మూడో ఆవర్తానికి చెయ్యి తప్పుతుంది. మాస్టారితో నా చుట్టరికమల్లా ఒకటే: ఆయన రాసిన కచేరీ సమీక్షల్ని పేజీలో పెట్టే సబ్ ఎడిటర్ని నేను. పెట్టడం అన్నది మర్యాదకి అనే మాట. కోసేవాణ్ణి.

అందుకని ఈ ప్రసంగాన్ని ఒక కోతతోనే మొదలుపెడతాను.

ఆఫ్‌సెట్ అచ్చు వచ్చిన కొత్త. పేజీలు ఇంకా కంప్యూటరు తెర మీదికి ఎక్కలేదు, బల్ల మీదే తయారయ్యేవి. కంపోజైన మాటర్ బ్రోమైడ్ కాగితం మీద పొడుగాటి పట్టీలుగా వచ్చేది. ఆ పట్టీల్ని బ్లేడుతో కోసి, వెనక జిగురు రాసి, గళ్ల కాగితం మీద అతికించేవాళ్లం. శ్రీరామనవమి రోజులు. ఊళ్లో పందిరి పందిరికీ కచేరీ. మాస్టారు కచేరీ అయ్యాక సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకి వచ్చి, మా బల్ల చివర కూర్చుని, కార్బన్ పెట్టి సమీక్ష రాసి ఇచ్చి, చెంబుడు మంచినీళ్లు తాగి వెళ్లేవారు. ఆ రాత్రి నాలుగు కాగితాలు ఇచ్చారు. కంపోజై పట్టీ వచ్చింది. అతికించబోతుండగా ప్రకటనల విభాగం నుంచి ఒకాయన పరుగున వచ్చాడు. నెయ్యి ప్రకటనట, రెండు కాలాల వెడల్పు, తప్పదన్నాడు. పేజీలో చూస్తే గోరంత ఖాళీ లేదు.

మా వృత్తిలో చేరిన మొదటి వారమే నేర్పే విద్య ఒకటుంది. చోటు చాలకపోతే కింద నుంచి కొయ్యమంటారు. వార్తలో ముఖ్యమైనదంతా పైనే చెప్పేస్తాం కాబట్టి లారీ బోల్తా పడిన వార్తలో ఆఖరి పేరా పోయినా ఎవరికీ కొంప మునగదు. మాస్టారి సమీక్షనీ అలాగే కింద నుంచి కోశాను. ఆఖరి పేరా వెళ్లి బల్ల కింద బుట్టలో పడింది.

కచేరీ సమీక్షలో ఆఖరి పేరా ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. పక్కవాద్యాలది.

మర్నాడు సాయంత్రం మాస్టారు వచ్చారు. మొహంలో కోపం లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏమయ్యా, రాత్రి కచేరీకి మృదంగం రాలేదా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మృదంగం వాయించిన అబ్బాయికి అది మొదటి పెద్ద కచేరీ అనీ, పేపర్లో పడుతుందని తెల్లవారకుండానే బస్టాండుకి వెళ్లి నాలుగు కాపీలు కొన్నాడనీ తర్వాత తెలిసింది. ఆ వారం నుంచి మాస్టారు సమీక్ష రాసే వరస మార్చేశారు. మృదంగాన్నీ వయొలిన్‌నీ రెండో పేరాలోకి ఎక్కించారు. ప్రధాన రాగం, నెరవు, స్వరకల్పన కిందికి పోయాయి. "ఇప్పుడు కొయ్యి చూద్దాం," అన్నారు నవ్వుతూ.

కోసేసిన ఆ పేరాని నేను ఒకసారైనా చదివే ఉంటాను, దిద్దింది నేనే కదా. ఆ అబ్బాయి ఎడమ చెయ్యి తొప్పి మీద ఎలా పడిందో రాసినట్టు గుర్తు. అంతే గుర్తు. మాటలు పోయాయి.

మాస్టారు పోయినప్పటి నుంచి నన్నొక ప్రశ్న తొలుస్తోంది. పాడినవాళ్లకి రికార్డులు మిగులుతాయి. కథలు రాసినవాళ్లకి పుస్తకాలు మిగులుతాయి. పాడినవాళ్ల గురించి పేపర్లో రాసినవాడికి ఏం మిగులుతుంది? మర్నాటికి ఆ పేపరు పకోడీల పొట్లం. ఈ ప్రశ్నతో కుస్తీ పడుతున్న రోజుల్లో నా చేతికి రెండు పుస్తకాలు వచ్చాయి. ఇవాళ వాటి గురించే మీతో ఎక్కువగా మాట్లాడాలని ఉంది.

రెండూ 2011లో అమెరికాలో అచ్చయ్యాయి. రెండూ ఒకే మనిషి గురించి. కూర్చినవాడూ ఒకడే. మనిషి పేరు పాల్ నెల్సన్, సంగీత విమర్శకుడు. కూర్చినవాడు కెవిన్ ఏవరీ. మొదటి పుస్తకం పేరు ‘ఎవ్రీథింగ్ ఈజ్ ఏన్ ఆఫ్టర్‌థాట్’. అన్నీ ఆనక తట్టినవే అని మనం చెప్పుకోవచ్చు. నెల్సన్ జీవితమూ, ఏరి కూర్చిన ఆయన రాతలూ ఆ ఒక్క సంపుటంలోనే ఉన్నాయి. సియాటిల్‌లో కామిక్స్ వేసే ఫాంటాగ్రాఫిక్స్ అనే సంస్థ దాన్ని ప్రచురించింది. రెండోది ‘కాన్వర్సేషన్స్ విత్ క్లింట్’. నటుడూ దర్శకుడూ అయిన క్లింట్ ఈస్ట్‌వుడ్‌తో నెల్సన్ 1979 నుంచి 1983 దాకా విడతలు విడతలుగా జరిపిన సంభాషణలు అందులో ఉన్నాయి.

త్యాగరాజ కీర్తన గురించి రాసిన మా మాస్టారికీ, రాక్ పాటల గురించి రాసిన ఆ అమెరికావాడికీ పొంతన ఏమిటని ముందు వరసలో ఇప్పటికే ఒకరు కనుబొమలు ఎగరేశారు. కాసేపు ఓపిక పట్టండి.

పాల్ నెల్సన్ 1936 జనవరి 21న మిన్నెసోటా రాష్ట్రంలో వారెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అమెరికా ఉత్తరపు కొసన, పొలాల మధ్య ఊరు. మినియాపొలిస్‌లో యూనివర్సిటీ చదువు. అక్కడ జాన్ పాంకేక్ అనే స్నేహితుడితో కలిసి జానపద సంగీతం కోసం ‘లిటిల్ శాండీ రివ్యూ’ అని ఒక బుల్లి పత్రిక పెట్టాడు. నచ్చిన రికార్డుని నెత్తిన పెట్టుకునేవాళ్లు, నచ్చనిదాన్ని చీల్చి చెండాడేవాళ్లు. ఆ యూనివర్సిటీ చుట్టుపక్కలే గిటారు పట్టుకు తిరిగే ఒక కుర్రాడుండేవాడు. పాంకేక్ ఇంట్లో లేని సమయం చూసి మంచి మంచి రికార్డులు ఏరుకుని పట్టుకుపోయాడు. 2005లో మార్టిన్ స్కార్సెసీ తీసిన డాక్యుమెంటరీలో ఈ సంగతి వస్తుంది. ఆ కుర్రాడు అప్పుడప్పుడే పేరు మార్చుకుని బాబ్ డిలన్ అయ్యాడు. 2016లో నోబెల్ సాహిత్య బహుమతి అందుకున్న డిలన్ అతడే.

తర్వాత నెల్సన్ న్యూయార్క్ వచ్చి ‘సింగ్ అవుట్!’ అనే జానపద సంగీత పత్రికలో మేనేజింగ్ ఎడిటరయ్యాడు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో వేదికెక్కాడు. జానపద అభిమానుల్లో చాలామందికి అది ఘోర అపచారం. సభ రెండుగా చీలిపోయింది. నెల్సన్ పనిచేసే పత్రికకి ఆ అభిమానులే చందాదారులు, వాళ్లే పోషకులు. అయినా ఆయన అదే పత్రికలో డిలన్ పక్షాన రాశాడు. రాసి, ఉద్యోగం వదిలేశాడు.

ఇది చదువుతుంటే నాకు మన మాండొలిన్ గుర్తొచ్చింది. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ ఒళ్లో పెట్టుకుని కచేరీకి కూర్చున్న కొత్తలో, దాని మీద గమకం పలుకుతుందా అని పెదవి విరిచినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మాస్టారు కూడా ఆ విరిచినవాళ్లలోనే ఉన్నారు. రెండేళ్ల తర్వాత ఇంకో కచేరీ విని, తన మాట తానే దిద్దుకుంటూ మళ్లీ రాశారు. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాకుండా, తన చెవికి ఏం పట్టడానికి రెండేళ్లు పట్టిందో విడమరిచి రాశారు. ఆ రెండు సమీక్షలూ పక్కపక్కన పెట్టి పిల్లలకి చూపించాలని నా కోరిక. మొదటిది దొరికింది. రెండోది ఇంతవరకూ దొరకలేదు. ఇప్పటికి ఆయన తిట్టిందే సాక్ష్యంగా మిగిలింది, ఆ తిట్టు వెనక్కి తీసుకున్న కాగితం పోయింది.

మళ్లీ నెల్సన్ దగ్గరికి వస్తాను. 1970ల మొదట్లో ఆయన ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్లాడు. మెర్క్యురీ అనే రికార్డు కంపెనీలో చేరాడు. న్యూయార్క్ డాల్స్ అని ఒక బృందం ఉండేది. ఆడవాళ్ల బట్టలు, ఎత్తు మడమల చెప్పులు, పెదాలకి రంగు వేసుకుని వేదికెక్కే కుర్రాళ్లు. కంపెనీ పెద్దలకి వాళ్లంటే కంపరం. నెల్సన్ నెలల తరబడి పట్టుబట్టి ఒప్పందం రాయించాడు. 1973లో ఒక ఆల్బమ్, 1974లో ఇంకొకటి వచ్చాయి. రెండూ కొట్లలోనే మిగిలిపోయాయి. కంపెనీలో నెల్సన్ కొలువూ ఆ తర్వాత ఎంతో కాలం నిలవలేదు. కొన్నేళ్లకి పంక్ సంగీతం వచ్చింది. దానికి దారి వేసినవాళ్లెవరని వెనక్కి తిరిగి చూస్తే, అమ్ముడుపోని ఆ రెండు ఆల్బమ్‌లే కనిపించాయి.

విమర్శకుడు ఎదటివాళ్ల కచేరీకి మార్కులు వేసి ఇంటికి పోతాడని అనుకుంటాం. నెల్సన్ తన చెవి మీద నమ్మకానికి రెండుసార్లు జీతం పందెం కాశాడు. ఆయన రాతకి ఆ బరువు ఇక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

1978లో ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో రికార్డు సమీక్షల ఎడిటరయ్యాడు. ఆ రోజుల్లో రాక్ సంగీతం గురించి రాసేవాళ్లకి అంతకన్నా పెద్ద కుర్చీ లేదు. పాత కౌబాయ్ సినిమాలు, డిటెక్టివ్ నవలలు ఆయనకి ప్రాణం. పాటగాణ్ణి కూడా ఒక నవలలో పాత్రని చూసినట్టు చూసేవాడు. వీడు ఏం పోగొట్టుకున్నాడు, దేన్ని దాస్తున్నాడు, ఎక్కడ నిజం చెప్పాడు అని వెతికేవాడు. అలా వెతుకుతూ ఒక్కోసారి కాగితం దాటి పాటగాడి ఇంట్లోకే వెళ్లిపోయేవాడు. వారెన్ జెవాన్ అనే గాయకుడు తాగుడులో పడి చావు అంచుకి చేరాడు. అతణ్ణి నిలదీసి దారికి తేవడానికి కూడిన స్నేహితుల్లో నెల్సన్ ఒకడు. జెవాన్‌కి రాస్ మక్డానల్డ్ డిటెక్టివ్ నవలలంటే పిచ్చి. నెల్సన్‌కీ అంతే. నెల్సన్ అడిగితే, ఆ పెద్ద రచయిత స్వయంగా జెవాన్ గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు. 1981లో ‘రోలింగ్ స్టోన్’లో వచ్చిన సుదీర్ఘ వ్యాసంలో నెల్సన్ ఈ కథంతా రాశాడు. విమర్శకుడు అంత దగ్గరికి వెళ్లవచ్చా, వెళ్లాక ఆ మనిషి పాట గురించి మొహమాటం లేకుండా రాయగలడా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. మాస్టారైతే విద్వాంసుల ఇంట్లో భోజనం చేసేవారు కాదు. కాఫీ వరకే.

ఇక నెల్సన్ లోపం. ఏవరీ పుస్తకం దాన్ని దాచలేదు, నేనూ దాచను. ఆయన రాయలేకపోయేవాడు. ఒక్క వాక్యం కుదరడానికి రోజులు పట్టేది. 1976లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాకి వెళ్లి, మక్డానల్డ్‌తో కొన్ని వారాల పాటు కూర్చుని టేపుల కొద్దీ సంభాషణ రికార్డు చేశాడు. ఆ వ్యాసం పూర్తి కాలేదు. ఈస్ట్‌వుడ్‌ని ఒట్టి తుపాకీ హీరోగా కొట్టిపారేసే రోజుల్లోనే అతనిలో దర్శకుణ్ణి గుర్తుపట్టి నాలుగేళ్లు వెంట తిరిగాడు. ఆ వ్యాసమూ పూర్తి కాలేదు. పత్రిక ఉద్యోగం వదిలేశాడు. రాయడం దాదాపు ఆగిపోయింది. చివరి ఏళ్లలో న్యూయార్క్‌లో ఎవర్‌గ్రీన్ అనే వీడియో షాపులో గుమాస్తాగా పనిచేశాడు. క్యాసెట్ అద్దెకి తీసుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకి, కౌంటరు వెనక నిలబడ్డ టోపీ పెద్దాయన ఎవరో తెలిసే అవకాశం లేదు. 2006 జూలైలో తన అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా చనిపోయి కనిపించాడు. డెబ్భై ఏళ్లు. ఆ ఏడాది చివర ‘రోలింగ్ స్టోన్’లో నీల్ స్ట్రాస్ ఆయన గురించి వ్యాసం రాస్తూ పెట్టిన శీర్షికకి అర్థం, మాయమైపోయిన మనిషి అని.

మాయమైపోవలసినవాడే. ఒక పాఠకుడు అడ్డు పడ్డాడు.

కెవిన్ ఏవరీ కుర్రతనం నుంచి నెల్సన్ సమీక్షలు చదివినవాడు. ఆయన పోయాక ఏళ్ల తరబడి తిరిగి, పాత పత్రికలు తిరగేశాడు. స్నేహితుల్ని, సహోద్యోగుల్ని, సంగీతకారుల్ని కలిశాడు. టేపులు సంపాదించి, విని, కాగితం మీద పెట్టాడు. టేపు విని రాయడం అంటే ఏమిటో పత్రికలవాళ్లకి తెలుసు. ఒక గంట టేపుకి ఒక రోజు పోతుంది. ఫ్యాను చప్పుడు, దగ్గు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, సరిగ్గా అసలు మాట దగ్గరికి వచ్చేసరికి వీధిలో బండి హారను. ఆ చాకిరీ అయ్యాక 2011లో ఒకే ఏడాది రెండు పుస్తకాలూ తెచ్చాడు. అక్కడితో ఊరుకోలేదు. మక్డానల్డ్ టేపులు మిగిలాయి కదా. 2016లో వాటినీ పెద్ద బొమ్మల పుస్తకంగా తెచ్చాడు. నెల్సన్ బతికుండగా తేలని రెండు పనులూ ఆయన పోయాక తేలాయి. నెల్సన్ అడిగిన ప్రశ్నలూ, వాళ్లు చెప్పిన జవాబులూ అచ్చులో ఉన్నాయి. ఆయన రాయాలనుకున్న వ్యాసాలు మాత్రం ఎవరూ రాయలేదు, రాయలేరు కూడా. ఏవరీ ఆ సాహసం చెయ్యకపోవడం ఆయన మర్యాద.

ఇప్పుడు ఒక చిక్కు సంగతి. పాటగాడి గురించి పుస్తకం వేస్తే వాడి అభిమానులు కొంటారు. పాటగాళ్ల గురించి రాసినవాడి గురించి పుస్తకం వేస్తే ఎవరు కొంటారు? ఈ పుస్తకం నడవాలంటే రచయితే దాన్ని మోసుకుని తిరగాలి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాలి. పాల్ నెల్సన్ అంటే ఎవరో మొదట చెప్పి, ఆ తర్వాత పుస్తకం సంగతి ఎత్తాలి. ఏవరీ ఆ పనికి సిగ్గుపడలేదు. ముందుమాటలకి పేరున్న రచయితల్ని అడిగాడు. మొదటి పుస్తకానికి నిక్ టోషెస్, రెండోదానికి జోనథన్ లెథెమ్ రాశారు. లెథెమ్‌కి నెల్సన్ స్వయంగా తెలుసు. 2009లో వచ్చిన ఆయన నవల ‘క్రానిక్ సిటీ’లో పెర్కస్ టూత్ అనే పాత్రకి నెల్సన్ కొంత మూలం.

మన దగ్గర సొంత పుస్తకం గురించి చెప్పుకుంటే డప్పు కొట్టుకుంటున్నాడంటాం. ఐదు వందల కాపీలు వేస్తాం. ఆవిష్కరణ సభలో వంద పంచిపెడతాం, శాలువా కప్పించుకుంటాం, మిగతావి అటకెక్కిస్తాం. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలో రచయితే స్టాల్ ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లకి పుస్తకం చూపిస్తుంటే, పాపం ఏం గతి పట్టిందో అని జాలిపడతాం. జాలి అక్కర్లేదు. సొంత కవిత్వం అమ్ముకునేవాడి సంగతి ఎలా ఉన్నా, పోయిన విమర్శకుడి పుస్తకం పట్టుకుని నిలబడ్డవాడు తన కోసం నిలబడలేదు. కచేరీలో మృదంగం వాయించినట్టు, వాడు ఇంకొకరి పాటకి తాళం మోస్తున్నాడు.

తమ పుస్తకాలు తామే చూసుకున్న అదృష్టవంతులూ ఉన్నారు. బెర్నార్డ్ షా నాటకకర్తగా మనకి తెలుసు. అంతకు ముందు ఆయన లండన్‌లో సంగీత విమర్శకుడు. 1889 నుంచి ‘ది స్టార్’లో మారుపేరుతో, 1890 నుంచి 1894 దాకా ‘ది వరల్డ్’లో రాశాడు. ఆ వారం వారం రాతలన్నీ 1930లలో సంపుటాలుగా వచ్చాయి. అప్పటికి ఆయన నోబెల్ అందుకున్న షా కాబట్టి వచ్చాయి. 1981లో డాన్ లారెన్స్ సంపాదకత్వంలో మూడు పెద్ద సంపుటాలు వెలువడ్డాయి. మన పొరుగున తమిళంలో కల్కి కృష్ణమూర్తి ‘కర్ణాటకం’ అనే పేరుతో ‘ఆనంద వికటన్’లో సంగీత విమర్శ రాశాడు. నవలలు ఆయన్ని నిలబెట్టాయి, విమర్శ ఆ నీడలో బతికింది. బర్మా నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడి, విద్వాంసుల గుండెల్లో నిద్రపోయిన విమర్శకుడు సుబ్బుడు జీవిత చరిత్ర ఆయన పోవడానికి రెండేళ్ల ముందు, 2005లో ఇంగ్లీషులో వచ్చింది. రాసింది లాడా గురుదేన్ సింగ్ అనే యువకుడు.

తెలుగులో లెక్క చూసుకుందాం. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారికి పుస్తకాలు మిగిలాయి. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలే పుస్తకమై ఇవాళ్టికీ చదువుతున్నాం. అన్నమయ్య పాటలకి ఆయన కట్టిన స్వరాలు తిరుపతి నుంచి ఇంటింటికీ వెళ్లాయి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన పండితుడు, గురువు, వాగ్గేయకారుడు. నేను అడుగుతున్నది ఆ స్థాయి పెద్దల గురించి కాదు. జిల్లా పేజీలో, మూడో కాలమ్‌లో, ఊరి పందిట్లో జరిగిన కచేరీ గురించి రాత్రి పన్నెండింటికి రాసినవాళ్ల గురించి. వాళ్ల పుస్తకాలు మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఇంటికెళ్లి లెక్కపెట్టండి.

ఎందుకు లేవో కూడా చెబుతాను, ఎందుకంటే అది మా వృత్తి రహస్యం. పాత పత్రికలు దాచిన గ్రంథాలయాలు మనకి ఉన్నాయి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. రాజమండ్రిలో గౌతమి ఉంది. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. 1924 నాటి ‘భారతి’ సంచిక కావాలంటే వెతికి పట్టుకోవచ్చు. 1988 నాటి జిల్లా పేజీ కావాలంటేనే కష్టం. ఏ ఊరి గ్రంథాలయానికి ఆ ఊరి ఎడిషనే వస్తుంది. హైదరాబాద్‌లో కుట్టి దాచిన ఫైల్లో మన జిల్లా పేజీ ఉండదు. పత్రికాఫీసుల్లో ఉన్న ఫైళ్లు భవనాలు మారినప్పుడు, పేజీ సైజులు మారినప్పుడు, గోదాముకి వాన వచ్చినప్పుడు పోతాయి. నేను పనిచేసిన చోట అలాగే పోయాయి. వందేళ్ల కిందటి రాత కన్నా ముప్ఫై ఏళ్ల కిందటి రాత దొరకడం కష్టంగా ఉంది.

మాస్టారి విషయంలో మనకి ఒక ఆధారం మిగిలింది. కార్బన్ కాపీలు. వాళ్లమ్మాయి గారు పోయిన నెల నన్ను ఇంటికి పిలిచి ట్రంకు పెట్టె తెరిచి చూపించారు. పైన నఫ్తలీన్ ఉండలు, కింద సుతిలి తాడుతో కట్టిన కట్టలు. కార్బన్ నీలం వెలిసిపోయి, కొన్ని కాగితాల మీద అక్షరం కన్నా కలం నొక్కిన గుంటే బాగా కనిపిస్తోంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుంటే చదవొచ్చు. కాగితాల అంచున సన్నగా తారీకు, పందిరి పేరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు. ఒక కట్ట మీద "కోత పడినవి" అని రాసుకున్నారు. అది చూసి కాసేపు మాట్లాడలేకపోయాను. నేను కోసినవన్నీ విడిగా దాచుకున్నారన్నమాట. ఆశగా విప్పాను. ఆ నవమి నాటి కాగితం మాత్రం అందులో లేదు. ఎవరికైనా ఇచ్చేసి ఉంటారని వాళ్లమ్మాయి గారు అన్నారు. "నాన్నగారు ఎవరి గురించి మంచిగా రాస్తే వాళ్లకి ఇచ్చేసేవారు, తిట్టినవే మా దగ్గర మిగిలాయి," అని నవ్వారు.

అందువల్ల ఒక ప్రమాదం ఉంది. ఉన్నవాటితో రేపు పుస్తకం వేస్తే, మాస్టారు ఉత్త కోపిష్టి అనుకుంటారు కొత్తవాళ్లు. ఆయన మెచ్చుకోళ్లన్నీ ఊరి మీద చెదిరిపోయి ఉన్నాయి. అవి మీ ఇళ్లలో ఉన్నాయి. పెళ్లి ఫొటోల ఆల్బమ్‌లోనో, వీణ పెట్టె అడుగునో, మీ నాన్నగారి డైరీలోనో మడత పెట్టి ఉన్నాయి.

అవి ఉన్నవాళ్లకి ఒకటి రెండు మాటలు, పేపరు మనిషిగా. కత్తిరింపు దాచేవాళ్లు అందరూ చేసే పొరపాటు ఒకటే. వ్యాసం అందంగా కత్తిరించి, తారీకు ఉన్న పైభాగం పారేస్తారు. తారీకు తెలియకపోతే వెనక వైపు చూడండి. సినిమా ప్రకటనో ఎన్నికల వార్తో ఉంటుంది, దాన్ని బట్టి ఏడాది పట్టుకోవచ్చు. ప్లాస్టిక్ టేపు అంటించకండి, కొన్నేళ్లకి జిగురు అక్షరాన్ని తినేస్తుంది. మడత దగ్గర చిరిగితే చిరగనివ్వండి. పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసినా చాలు, రెండు వైపులా తీయండి. కచేరీ టేపులున్నవాళ్లు క్యాసెట్ వాడకుండా ముందు నాకు చెప్పండి. ముప్ఫై ఏళ్లు తిరగని క్యాసెట్‌ని ఒక్కసారిగా తిప్పితే తెగవచ్చు.

మాస్టారి సమీక్షల పుస్తకం వేసే బాధ్యత ఈ సభ జరుపుతున్న సంఘం తీసుకుంటానంది. పేరు మీద చర్చలు జరుగుతున్నాయి. నా ఓటు అడిగితే, పుస్తకంలో ప్రతి సమీక్షా అచ్చు కాపీతో కాకుండా కార్బన్ కాపీతో సరిచూసి వెయ్యాలి. నేను కోసినవన్నీ తిరిగి చేరాలి. పక్కవాద్యాల పేరాలు కింద ఉన్నవి కిందే ఉండనివ్వండి, ఈసారి వాటి జోలికి ఎవరూ రారు. పుస్తకం వచ్చాక దాన్ని పట్టుకుని ఊళ్లు తిరిగే పని నాకు అప్పగించండి. రిటైరైనవాణ్ణి, బస్సు పాసుంది.

ఆ నవమి రాత్రి మృదంగం వాయించిన అబ్బాయి ఇవాళ ఎక్కడున్నాడో నాకు తెలియదు. అరవై దగ్గర పడి ఉంటాడు. ఈ సభలో ఉన్నా, ఈ పాఠం అచ్చులో చదివినా, ఆ కార్బన్ కాగితం ఆయన దగ్గరే ఉంటే నాకు ఒక్కసారి చూపించమని చేతులెత్తి అడుగుతున్నాను. మిగతావాళ్లకీ అదే మనవి. సభ అయ్యాక గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను. మీ దగ్గరున్న కత్తిరింపు ఏదైనా సరే, తారీకు లేకపోయినా సరే, నాకు చూపించి వెళ్లండి.